బలం కాదు, లెక్క

చల్లపల్లి సెంటరులో కాసేపు నిలబడి చూడండి. బందరు పోయే కార్లు, అవనిగడ్డ పోయే ఆటోలు, మోపిదేవి గుడికి వెళ్ళే బండ్లు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. ఇక్కడి నుంచి విజయవాడ వెళ్ళాలంటే కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు దాటాలి. దూరం సుమారు 60 కిలోమీటర్లు. మన డెల్టాలో రోడ్డు పక్కన కాలవ మామూలే. ఒకచోట గేదె అడ్డం వస్తుంది. ఒకచోట పిల్లవాడు సైకిలు మీద అడ్డం వస్తాడు. డ్రైవరు బ్రేకు తొక్కుతాడు. కారు ఆగుతుంది.

కారు ఆగుతుందని మన నమ్మకం. ఆ నమ్మకంతోనే పెళ్ళికి, ఆసుపత్రికి, గుడికి అద్దె కారు మాట్లాడుకుంటాం. పిల్లల్ని ఎక్కిస్తాం. కానీ ఆ కారు ఆగడం వేలెడంత బోల్టుల మీద ఆధారపడి ఉందని ఎంతమందికి తెలుసు?

ఆ బోల్టులు ఎక్కడ ఉంటాయి? వాటిని ఎంత బిగించాలి? తక్కువ బిగిస్తే ఏమవుతుంది? ఎక్కువ బిగిస్తే మంచిదే కదా? ఇవన్నీ తెలుసుకుందాం.

"మేం కారు నడపం, మాకెందుకు?" అంటారా? కారు నడిపేవాళ్ళకే కాదు, కారు ఎక్కే ప్రతి మనిషికీ ఇది కావాలి. భర్తో, కొడుకో, తమ్ముడో డ్రైవరుగానో మెకానిక్కుగానో బతుకుతున్న ఇంట్లో అయితే మరీ కావాలి.

బ్రేకు చక్రాన్ని ఎలా పట్టుకుంటుంది?

పొయ్యి మీద నుంచి వేడి గిన్నె దించాలంటే పట్టకారు వాడతాం. పట్టకారు గిన్నె అంచును రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటుంది. కారు బ్రేకు చేసే పని కూడా అదే.

కారు ముందు చక్రానికి లోపలివైపు ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది. దీన్ని డిస్కు అంటారు. చక్రం తిరిగితే డిస్కు కూడా తిరుగుతుంది. ఆ డిస్కును రెండు వైపుల నుంచీ పట్టుకునే పట్టకారు లాంటి భాగం పేరు క్యాలిపర్. క్యాలిపర్ లోపల రెండు బ్రేకు ప్యాడ్లు ఉంటాయి. ఒకటి డిస్కుకు ఇటు పక్క, ఒకటి అటు పక్క.

డ్రైవరు కాలితో పెడల్ నొక్కుతాడు. సన్నని గొట్టాల్లో ఉన్న బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని క్యాలిపర్ దాకా తీసుకుపోతుంది. క్యాలిపర్ లోని పిస్టను ముందుకు జరుగుతుంది. ప్యాడ్లు డిస్కును రెండు వైపులా నొక్కుతాయి. ఆ రాపిడికి చక్రం ఆగుతుంది.

అన్ని బండ్లకూ డిస్కు బ్రేకులు ఉండవు. పాత అంబాసిడర్ కార్లు చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ఈనాటి చాలా చిన్న కార్లకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకు ఉంటాయి. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు పడుతుంది. అందుకే ముందు బ్రేకులకు పని ఎక్కువ.

ఇప్పుడు తిరగలిని గుర్తు చేసుకోండి. జోరుగా తిరిగే తిరగలిని చేత్తో గట్టిగా పట్టుకుంటే ఏమవుద్ది? చెయ్యి కూడా తిరగలితో పాటు లాక్కుపోద్ది. బ్రేకు వేసినప్పుడు డిస్కు కూడా క్యాలిపర్‌ను అలాగే లాగుతుంది. కారంత బరువు పరుగెత్తే వేగంతో లాగుతుంది. అయినా క్యాలిపర్ కదలకుండా ఉన్నచోటే నిలబడాలి. దాన్ని నిలబెట్టేవే ఆ బోల్టులు.

రెండు రకాల బోల్టులు

క్యాలిపర్ దగ్గర సాధారణంగా రెండు రకాల బోల్టులు ఉంటాయి.

మొదటి రకం చిన్నవి. క్యాలిపర్ కొంచెం అటూ ఇటూ జరగడానికి రెండు నున్నటి పిన్నులు ఉంటాయి. క్యాలిపర్‌ను ఈ పిన్నులకు పట్టి ఉంచేవి చిన్న బోల్టులు. ప్యాడ్లు మార్చేటప్పుడు మెకానిక్కు ఎక్కువగా విప్పేవి ఇవే.

రెండో రకం పెద్దవి. క్యాలిపర్ కూర్చునే చట్రాన్ని బ్రాకెట్టు అంటారు. బ్రాకెట్టును చక్రం వెనక ఉన్న ఇనుప దిమ్మకు పట్టి ఉంచేవి పెద్ద బోల్టులు. బ్రేకు లాగుడంతా చివరికి వీటి మీదే పడుతుంది. డిస్కు మార్చాలంటే చాలా కార్లలో వీటిని విప్పాలి.

చిన్న బోల్టుకు ఒక బిగుతు. పెద్ద బోల్టుకు ఇంకో బిగుతు. రెండింటినీ ఒకేలాగా బిగిస్తే తప్పు.

బిగుతు తక్కువైతే

బోల్టు బిగించినప్పుడు లోపల ఒక పని జరుగుతుంది. అది మన కంటికి కనపడదు. బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. ఇనుము సాగుతుందా అని ఆశ్చర్యపోవద్దు. బలంగా లాగితే ఇనుము కూడా రబ్బరులాగా కాస్త సాగుతుంది. వదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. అలా సాగిన బోల్టు వెనక్కి రావాలని చూస్తుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ కలిపి నొక్కి పట్టుకుంటుంది.

నులక మంచం తెలుసు కదా. కాళ్ళవైపు తాడు సరిగ్గా లాగి కడితే మంచం బిర్రుగా ఉంటుంది. వదులుగా కడితే పడుకోగానే కుంగుతుంది. బోల్టు సంగతి కూడా అంతే.

బోల్టు వదులుగా ఉంటే అది సాగదు. పట్టు ఉండదు. గతుకుల రోడ్డు మీద కారు అదురుతుంది. ప్రతి అదురుకూ బోల్టు కొంచెం కొంచెం తిరుగుతుంది. మొదట 'టక్ టక్' మని చప్పుడు వస్తుంది. తరవాత క్యాలిపర్ ఊగుతుంది. చివరికి బోల్టు ఊడి పడిపోవచ్చు. అప్పుడు క్యాలిపర్ పక్కకు తిరిగి చక్రం రిమ్ముకు తగలవచ్చు. బ్రేకు ఆయిలు గొట్టం తెగవచ్చు. ఆయిలు కారిపోతే పెడల్ ఎంత తొక్కినా ఆ చక్రానికి బ్రేకు పడదు.

బిగుతు ఎక్కువైతే

"అయితే బాగా గట్టిగా బిగిస్తే సరిపోద్ది కదా!" అనిపిస్తుంది. చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇది కూడా అంతే ప్రమాదం.

రబ్బరును కొంతవరకు లాగితే మళ్ళీ వెనక్కి వస్తుంది. హద్దు దాటి లాగితే తెగుతుంది. ఇనుముకు కూడా ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే బోల్టు సాగి, ఇక వెనక్కి రాదు. పైకి చూస్తే బాగానే ఉంటుంది. లోపల సత్తువ పోయి ఉంటుంది. ఆ రోజు విరగకపోవచ్చు. ఇంకో రోజు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు, విరగవచ్చు.

ఇంకో నష్టం కూడా ఉంది. బోల్టు మీద మెలికలు తిరిగిన మరలు ఉంటాయి. సీసా మూతకు ఉండే మరల లాంటివే. అతిగా బిగిస్తే ఈ మరలు అరిగి కొట్టుకుపోతాయి. మరలు పోయిన బోల్టు తిరుగుతూనే ఉంటుంది గాని పట్టదు. బోల్టు పోతే కొత్త బోల్టు కొనుక్కోవచ్చు. దిమ్మలోని మరలు పోతే మాత్రం ఖర్చు చాలా పెద్దది. డ్రైవరు కుటుంబానికి అది కొన్ని రోజుల కూలి.

కాబట్టి తక్కువా కూడదు, ఎక్కువా కూడదు. కూరలో ఉప్పులాగా సరిగ్గా ఉండాలి. ఉప్పు తేడా వస్తే నాలుక చెబుతుంది. మరి బిగుతు తేడా వస్తే ఎవరు చెబుతారు?

బిగుతును కొలవడం ఎలా?

బియ్యాన్ని కిలోల్లో కొలుస్తాం. పాలను లీటర్లలో కొలుస్తాం. గుడ్డను మీటర్లలో కొలుస్తాం. బిగుతుకు కూడా ఒక కొలత ఉంది. దాని పేరు న్యూటన్ మీటరు. పేరు కొత్తగా ఉన్నా విషయం మనకు పాతదే.

ఊళ్ళో చేతి పంపు ఉంటుంది. బోరింగు అంటాం. దాని పిడి అంత పొడుగ్గా ఎందుకు పెట్టారు? పిడి పొడుగైతే తక్కువ బలంతో నీళ్ళు వస్తాయి. పిడి పొట్టిదైతే చాలా బలం పెట్టాలి. తిప్పే శక్తి రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి మనం పెట్టే బలం. రెండోది పిడి పొడుగు.

ఒక కిలో బరువు కిందికి లాగే బలం సుమారు 10 న్యూటన్లు. దీన్ని గుర్తు పెట్టుకుంటే లెక్క తేలిక.

ఒక మీటరు పొడుగున్న స్పానరు తీసుకుందాం. దాని కొసకు 10 కిలోల బియ్యం సంచి వేలాడదీద్దాం. 10 కిలోలు అంటే 100 న్యూటన్లు. దాన్ని 1 మీటరుతో హెచ్చవేయాలి. 100 న్యూటన్ మీటర్లు వస్తుంది.

అదే సంచిని అర మీటరు స్పానరుకు వేలాడదీస్తే? 100 లో సగం, 50 న్యూటన్ మీటర్లే వస్తుంది. అర మీటరు స్పానరుతో 100 రావాలంటే 20 కిలోల బలం పెట్టాలి.

చాలా చిన్న కార్లలో క్యాలిపర్ చిన్న బోల్టుకు 20 నుంచి 35 న్యూటన్ మీటర్లు చాలు. పెద్ద బోల్టుకు 80 పైన ఉంటుంది, కొన్నిటికి 100 కూడా దాటుతుంది. ఇవి తేడా అర్థం కావడానికి చెప్పిన అంకెలు. ఏ కారుకు ఎంత అనేది ఆ కారు సర్వీసు పుస్తకంలో రాసి ఉంటుంది. పని చేసేటప్పుడు ఆ పుస్తకంలోని అంకెనే పట్టుకోవాలి. పక్క కారు అంకె పనికిరాదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పావు మీటరు స్పానరుతో చిన్న బోల్టును 30 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఎంత బలం కావాలి? 12 కిలోలు. నిండు నీళ్ళ బిందె ఎత్తేంత బలం. రోజూ బిందెలు మోసే చేతులకు ఇదేం పెద్ద పని కాదు.

మరి ఒక బలమైన మనిషి అర మీటరు స్పానరు మీద తన ఒళ్ళంతా వేసి 60 కిలోల బలంతో తొక్కాడనుకోండి. ఎంత వస్తుంది? 600 న్యూటన్లలో సగం, అంటే 300 న్యూటన్ మీటర్లు. కావలసింది 30. పడింది 300. పదింతలు! బోల్టు బతుకుతుందా?

కొంతమంది స్పానరుకు ఇనుప పైపు తొడిగి పొడుగు చేసి బిగిస్తారు. పిడి రెండింతలైతే బిగుతు కూడా రెండింతలు అవుతుంది. అందుకే బిగించేటప్పుడు పైపు తొడగకూడదు.

అంకె చెప్పే స్పానరు

చెయ్యి బిగుతును సరిగ్గా కొలవలేదు. పొద్దున ఓపికగా ఉన్న చెయ్యి వేరు, సాయంత్రం అలిసిపోయిన చెయ్యి వేరు. ఒకరి చెయ్యి వేరు, ఇంకొకరి చెయ్యి వేరు. అందుకే బిగుతును కొలిచే ప్రత్యేకమైన స్పానరు ఒకటి వచ్చింది. దాని పేరు టార్కు రెంచి.

దీని పుట్టుక వెనక ఒక కథ ఉంది. అమెరికాలోని న్యూయార్కు నగరంలో నీటి సరఫరా శాఖ ఉంది. నేల కింద పెద్ద పెద్ద నీటి గొట్టాలు వేసేవారు. గొట్టాల బోల్టులను పనివాళ్ళు అతిగా బిగిస్తే అవి దెబ్బతినేవి. ఆ శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనే ఆయన 1918 లో ఈ రెంచిని తయారు చేశాడని చెబుతారు. నీటి గొట్టాల కోసం పుట్టిన పనిముట్టు ఈనాడు కార్లకూ, లారీలకూ, విమానాలకూ పనికి వస్తోంది.

షెడ్డుల్లో ఎక్కువగా వాడే టార్కు రెంచి పిడి మీద అంకెలు ఉంటాయి. పిడి అడుగు భాగాన్ని తిప్పి కావలసిన అంకె దగ్గర నిలపాలి. పిడి లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. బోల్టును బిగిస్తూ పోతే ఆ అంకె రాగానే 'టక్' మని చప్పుడు వస్తుంది. చేతికి కూడా చిన్న కుదుపు తెలుస్తుంది. అక్కడే ఆపాలి. "మరొక్కసారి" అని లాగితే బిగుతు హద్దు దాటుతుంది.

కొన్ని రెంచిల మీద రెండు వరసల అంకెలు ఉంటాయి. ఒకటి న్యూటన్ మీటర్లు. ఇంకొకటి ఫుట్ పౌండ్లు. రెండూ ఒకటి కావు. పుస్తకంలో 80 న్యూటన్ మీటర్లు అని ఉంటే, రెంచి మీద 80 ఫుట్ పౌండ్ల దగ్గర పెట్టకూడదు. అలా పెడితే సుమారు 108 న్యూటన్ మీటర్లు పడుతుంది. అంకెతో పాటు దాని పక్కన రాసిన కొలత కూడా చదవాలి. కిలోకూ లీటరుకూ తేడా చూసినట్లే ఇదీ చూడాలి.

పని వరస

ఈ పని నేర్చినవాళ్ళే చెయ్యాలి. అయినా వరస ఏమిటో తెలిస్తే మనం పక్కన నిలబడి చూసుకోవచ్చు.

1. కారును చదునైన గట్టి నేల మీద నిలపాలి. హ్యాండు బ్రేకు వెయ్యాలి. నేల మీద ఉండే చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి.

2. చక్రం నట్లను ముందు కొంచెం వదులు చేసి, తరవాత జాకీతో ఎత్తాలి. ఎత్తాక స్టాండు పెట్టాలి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవరూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది.

3. చక్రం తీసి, క్యాలిపర్ విప్పాలి. విప్పిన క్యాలిపర్‌ను బ్రేకు ఆయిలు గొట్టానికి వేలాడదీయకూడదు. గొట్టం లోపల చిరుగు పడవచ్చు. దాన్ని తీగతో పైకి కట్టాలి.

4. బోల్టు మరలను వైరు బ్రష్షుతో తుడిచి శుభ్రం చెయ్యాలి. తుప్పు ఎక్కువగా ఉన్నా, మరలు అరిగినా కొత్త బోల్టు వెయ్యాలి. కొన్ని కార్లలో విప్పిన ప్రతిసారీ కొత్త బోల్టు వెయ్యాలని పుస్తకంలోనే ఉంటుంది. కొన్నిటికి మరల మీద ప్రత్యేకమైన జిగురు రాయమని ఉంటుంది.

5. పుస్తకం చెప్పకుండా మరలకు నూనె గాని, గ్రీజు గాని రాయకూడదు. నూనె రాస్తే బోల్టు సుళువుగా తిరుగుతుంది. రెంచి 'టక్' అనేసరికి బోల్టు ఉండాల్సిన దానికంటే ఎక్కువ సాగిపోతుంది. నున్నటి పిన్నులకు మాత్రం బ్రేకుల కోసం తయారైన గ్రీజు రాయాలి. డిస్కుకూ ప్యాడ్లకూ గ్రీజు అంటనివ్వకూడదు. అంటితే బ్రేకు జారుతుంది.

6. బోల్టును మొదట చేతి వేళ్ళతోనే తిప్పాలి. సీసా మూత వంకరగా పెట్టి తిప్పితే మరలు ఎక్కవు కదా. బోల్టు కూడా అంతే. వేళ్ళతో నాలుగైదు చుట్లు తేలిగ్గా ఎక్కితే మరలు సరిగ్గా కుదిరినట్లు. బిర్రుగా ఉంటే విప్పి మళ్ళీ పెట్టాలి. బలవంతం చెయ్యకూడదు.

7. తరవాత మామూలు స్పానరుతో ఆనేదాకా తిప్పాలి. చివరి బిగింపు టార్కు రెంచితోనే చెయ్యాలి. పిడిని పట్టుకునే చోట పట్టుకుని, కుదపకుండా నెమ్మదిగా లాగాలి. 'టక్' మనగానే ఆపాలి. చిన్న బోల్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే, దాన్ని ఇంకో పలచని స్పానరుతో పట్టుకోవాలి.

8. బిగించిన బోల్టు మీద రంగుతో ఒక గీత గియ్యాలి. ఆ గీత బోల్టు తల మీద నుంచి పక్కన ఉన్న ఇనుము మీదికి రావాలి. బోల్టు కదిలితే గీత రెండుగా విడిపోతుంది. ఇలా గీత ఉంటే తరవాత ఎవరు చూసినా ఇట్టే తెలుస్తుంది.

9. చక్రం బిగించేటప్పుడు నట్లను పక్కపక్కవి కాకుండా ఎదురెదురుగా ఉన్నవి బిగిస్తూ రావాలి. కారును దించాక చక్రం నట్లను కూడా టార్కు రెంచితో చూడాలి.

10. కారు కదిలించే ముందు బ్రేకు పెడల్‌ను చాలాసార్లు తొక్కాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టనును వెనక్కి నెడతారు. అందువల్ల మొదటిసారి తొక్కితే పెడల్ అడుగుదాకా పోతుంది. పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. బ్రేకు ఆయిలు మట్టం చూడాలి. తరవాత ఖాళీ చోట నెమ్మదిగా నడిపి చూడాలి.

గాలి ఒత్తిడితో నడిచే గన్ను ఒకటి షెడ్డుల్లో ఉంటుంది. 'టర్ర్' మని క్షణంలో బిగిస్తుంది. అది విప్పడానికి బాగుంటుంది. క్యాలిపర్ బోల్టుల చివరి బిగింపుకు దాన్ని నమ్మకూడదు. ఎంత బిగించిందో అది చెప్పదు.

టార్కు రెంచిని కూడా మర్యాదగా చూసుకోవాలి. దానితో బోల్టులు విప్పకూడదు. సుత్తిలాగా కొట్టకూడదు. పని అయ్యాక అంకెను అన్నిటికంటే కిందికి తిప్పి పెట్టెలో పెట్టాలి. తక్కెడ రాళ్ళను అప్పుడప్పుడు పరీక్ష చేయించినట్లే, రెంచి కొలతను కూడా అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి.

పెద్ద కంపెనీలకూ ఇదే పాఠం

ఇది చిన్న షెడ్డుల గొడవ మాత్రమే అనుకోకూడదు. అమెరికాలో టెస్లా అనే పెద్ద కార్ల కంపెనీ ఉంది. 2021 లో ఆ కంపెనీ దాదాపు 6,000 కార్లను పరీక్ష కోసం వెనక్కి పిలిచింది. కారణం ఏమిటి? క్యాలిపర్ బోల్టులు కొన్ని సరైన బిగుతులో ఉండకపోవచ్చు అని! బోల్టు వదులైతే క్యాలిపర్ చక్రానికి తగిలి టైరులో గాలి పోవచ్చని చెప్పారు. బోల్టులను చూసి, అవసరమైన వాటిని సరిగ్గా బిగించారు.

మన దేశంలో కూడా ఇలాంటిది జరిగింది. 2022 అక్టోబరులో మారుతీ సుజుకి కంపెనీ 9,925 కార్లను వెనక్కి పిలిచింది. వాగన్ ఆర్, సెలేరియో, ఇగ్నిస్ కార్లు అందులో ఉన్నాయి. వెనక బ్రేకులోని ఒక పిన్నులో లోపం ఉండవచ్చని అనుమానం. ఒక చిన్న పిన్ను కోసం దాదాపు పది వేల కార్లు!

అంత పెద్ద కంపెనీలే ఒక బోల్టు కోసం, ఒక పిన్ను కోసం ఆగి చూసుకున్నాయి. షెడ్డులో ఒక్క నిమిషం ఆగి చూసుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

మన గాలి, మన తుప్పు

చల్లపల్లి ప్రాంతానికి సముద్రం దూరం కాదు. నాగాయలంక వైపు వెళ్తే ఉప్పు గాలి ముఖానికి తెలుస్తుంది. ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. వానాకాలం కారు చక్రాలు బురదలో, నీళ్ళలో తిరుగుతాయి. బోల్టుల చుట్టూ మట్టి పేరుకుంటుంది. పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగితే లోపలికి నీళ్ళు పోతాయి. పిన్ను పట్టేస్తుంది. అప్పుడు క్యాలిపర్ జరగదు. ఒక ప్యాడు అరిగిపోతుంది, ఇంకోటి అలాగే ఉంటుంది.

తుప్పు పట్టిన మరలు రెంచిని కూడా మోసం చేస్తాయి. తుప్పు వల్ల బోల్టు బిర్రుగా తిరుగుతుంది. బిగుతు సరిపోకముందే రెంచి 'టక్' మంటుంది. అంకె వచ్చింది గాని పట్టు రాలేదు. అందుకే మరలు శుభ్రం చెయ్యాలి అన్నది. మన వైపు కార్లకు వానాకాలం ముందు ఒకసారి, తరవాత ఒకసారి బ్రేకులు విప్పి చూపించడం మంచిది.

చెవి, కన్ను, ముక్కు

కారు ఎక్కినప్పుడు కొన్ని గుర్తులు మనమే పట్టుకోవచ్చు.

గతుకుల మీద, బ్రేకు వేసినప్పుడు చక్రం దగ్గర 'టక్ టక్' మంటే అనుమానించాలి. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగితే అనుమానించాలి. స్టీరింగు అదిరితే అనుమానించాలి. పెడల్ మెత్తగా లోపలికి పోతోందని డ్రైవరు అంటే కారు ఆపించాలి. చక్రం లోపలివైపు ఆయిలు మరక కనిపించినా, చక్రం దగ్గర మాడు వాసన వచ్చినా ప్రయాణం సాగించకూడదు.

అద్దె కార్లకు, ఆటోలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలి. అది ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ దాని మీద ఉంటుంది. ఆ తేదీ చదవడం ఇప్పుడు మనకు వచ్చు. చదివి చూడటంలో తప్పు లేదు.

షెడ్డులో ఏం అడగాలి?

విజయవాడ ఆటోనగర్‌లో అయినా, ఊళ్ళో చెట్టు కింది షెడ్డులో అయినా అడగాల్సిన మాటలు ఇవే. కొడుకు కారుకు బ్రేకు ప్యాడ్లు మార్పించడానికి ఒక తల్లి వెళ్ళిందనుకుందాం. మాట ఇలా సాగవచ్చు.

"తమ్ముడూ, బ్రేకు బోల్టులు ఎంతకు బిగించావు?"

"గట్టిగానే బిగించానక్కా."

"గట్టిగా అంటే ఎంత? పుస్తకంలో అంకె చూశావా?"

"ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నా. చేతికే తెలిసిపోద్దక్కా."

"నీ చేతి మీద నమ్మకం లేక కాదు తమ్ముడూ. చెయ్యి సాయంత్రానికి అలిసిపోద్ది. రెంచి అలిసిపోదుగా! ఒక్కసారి రెంచి పెట్టి చూడు. అంకె నేను చదువుతా."

ఇందులో పోట్లాట లేదు. మెకానిక్కును తక్కువ చెయ్యడమూ లేదు. మంచి మెకానిక్కు ఇలా అడిగితే సంతోషిస్తాడు. టార్కు రెంచి లేని షెడ్డు అయితే, ఆ పని రెంచి ఉన్న షెడ్డులో చేయించుకోవాలి. నలుగురు డ్రైవర్లు కలిసి ఒక రెంచి కొనుక్కున్నా బాగుంటుంది. ఒక బోల్టు విరిగి దిమ్మ పాడైతే అయ్యే ఖర్చు ముందు రెంచి ఖరీదు పెద్దది కాదు.

మెకానిక్కు పని మగవాళ్ళదే అనుకునేవాళ్ళు చాలామంది. "ఆడవాళ్ళకు అంత బలం ఎక్కడిది?" అంటారు. లెక్క చూశాం కదా. పెద్ద బోల్టుకు 100 న్యూటన్ మీటర్లు కావాలన్నా, అర మీటరు రెంచితో 20 కిలోల బలం చాలు. మిగిలినదంతా అంకె చదవడం, వరస తప్పకపోవడం, 'టక్' మనగానే చెయ్యి ఆపడం. వీటికి కండలతో పని లేదు. పని నేర్చుకోవాలనే ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఈ మాట ఆమెకు చెప్పండి.

గుర్తుంచుకుందాం

బోల్టుకు తక్కువ బిగుతూ ప్రమాదమే, ఎక్కువ బిగుతూ ప్రమాదమే.
ప్రతి కారుకూ, ప్రతి బోల్టుకూ పుస్తకంలో ఒక అంకె ఉంటుంది.
అంకెతో పాటు న్యూటన్ మీటర్లా, ఫుట్ పౌండ్లా చూడాలి.
మొదట వేళ్ళతో, తరవాత స్పానరుతో, చివర టార్కు రెంచితో.
'టక్' మనగానే ఆపాలి. రంగు గీత గియ్యాలి.
కారు కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి.

లెక్క చేద్దాం

1. అర మీటరు రెంచిని 16 కిలోల బలంతో లాగితే ఎన్ని న్యూటన్ మీటర్లు?
2. ఒక మీటరు పైపు తొడిగి 60 కిలోల బలంతో తొక్కితే ఎన్ని న్యూటన్ మీటర్లు? బోల్టుకు కావలసింది 100 అయితే, ఎన్ని రెట్లు ఎక్కువ పడింది?
3. మీ ఇంట్లో గాని, వీధిలో గాని కారు ఉంటే, దాని పుస్తకం అడిగి చూడండి. చక్రం నట్ల బిగుతు అంకె కనిపిస్తే పలక మీద రాయండి. పక్కన కొలత పేరు కూడా రాయండి.

జవాబులు: 1) 80 న్యూటన్ మీటర్లు. 2) 600 న్యూటన్ మీటర్లు, ఆరు రెట్లు. మూడో జవాబు మీరు రాసిందే.